ట్రాక్టరు ముందు చక్రాల వరుస – విత్తనానికి ముందే సరిచూడుడు



అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మి.మీ. మాత్రమే. మన ఎర్ర నేలలు తేమను ఎక్కువ దినములు పట్టి ఉంచలేవు. జూన్, జూలై నెలలలో పదునైన వాన పడినచో ఆ కొద్ది దినములలోనే వేరుశనగ విత్తుట ముగియవలెను. ఆ సమయమున ట్రాక్టరు షెడ్డు చేరినచో పదును పోవును. పదును పోయిన పిమ్మట బండి బాగుపడినను ఫలమేమి? కావున ఏరువాకకు ముందు గొర్రు పళ్ళను సరిచూచుకొనునట్లే ట్రాక్టరు ముందు చక్రాల వరుసను కూడ సరిచూచుకొనవలెను.

వరుస అనగా నేమి?

ముందు చక్రములు రెండును కంటికి సమాంతరముగా కనబడును. వాస్తవమునకు అవి ముందు వైపు కొంచెము దగ్గరగాను, వెనుక వైపు కొంచెము ఎడముగాను అమర్చబడి ఉండును. మెకానిక్కులు దీనిని టో-ఇన్ అందురు. బండి నడచునపుడు నేల ఒత్తిడికి చక్రములు వెలుపలికి విచ్చుకొన జూచును. ఈ కొద్ది తేడా ఉన్నందున అవి నడకలో తిన్నగా నిలచును. వెనుక చక్రములు మాత్రమే లాగు ట్రాక్టర్లలో ఈ తేడా సాధారణముగా 3 నుండి 6 మి.మీ. వరకు ఉండును. అయినను మీ బండితో వచ్చిన పుస్తకములోని అంకెయే మీకు ప్రమాణము.

ఎందుకు చెడును? నష్టమెంత?

రాళ్ళ పొలములో చక్రము గుండును తగులుట, గట్లను వేగముగా దాటించుట, కీళ్ళు అరుగుట ముఖ్య కారణములు. సాళ్ళ ఎడమునకు తగినట్లు ముందు ఇరుసు వెడల్పును మార్చి, స్టీరింగు కడ్డీలను దానికి సరిపడ మార్చకపోవుట మరియొక కారణము. వెడల్పు మార్చునపుడు రెండు వైపుల సమానముగా మార్చి, వరుసను మరల కొలువవలెను.

కాడి క్రింది ఎద్దులు ఒకటి ఇటు, ఒకటి అటు లాగినట్లే వరుస తప్పిన చక్రములు ఒకదానితో నొకటి పెనుగులాడును. 40 సెం.మీ. వ్యాసము గల రిమ్ము అంచున తేడా 20 మి.మీ. ఉన్నదనుకొనుడు. ఒక్కొక్క చక్రము వాటా 10 మి.మీ., అనగా నలభైయవ వంతు. బండి ఒక కిలోమీటరు నడచుసరికి ప్రతి టైరును సుమారు 25 మీటర్ల మేర ప్రక్కకు ఈడ్చినట్లగును. టైరు అరుగును, స్టీరింగు వణకును, విత్తు సాలు వంకర పోవును.

టైరు మీద అడ్డముగా చేయి ఆడించి చూడుడు. ఒక వైపుకు నునుపుగాను, ఎదురు వైపుకు రంపము వలె గరుకుగాను తగిలినచో వరుస తప్పినదని అనుమానింపవలెను. బండి ఒక ప్రక్కకే లాగుచున్నచో మొదట రెండు టైర్ల గాలిని, బ్రేకులను చూడుడు. అన్ని దోషములును వరుసవి కావు.

కొలుచు విధము

1. బండిని సమతలమైన గట్టి నేలపై నిలిపి, రెండు ముందు టైర్లలో గాలి సమానము చేయుడు.
2. వెనుక చక్రములకు రాళ్ళు అడ్డు పెట్టి, ముందు ఇరుసును జాకీతో ఎత్తి, దిమ్మెలపై ఆనించి, చక్రములను ఊపి చూడుడు. బేరింగులలో, బుష్‌లలో, కడ్డీల కీళ్ళలో వదులున్నచో ముందు దానిని బాగుచేయవలెను. వదులుండగా కొలిచిన కొలత నిలువదు.
3. బండిని దింపి, స్టీరింగు తిన్నగా ఉంచి, కొంచెము ముందుకు నడిపి ఆపుడు. ముందు వైపున, చక్రము నడిమి ఎత్తులో, రెండు రిమ్ముల లోపలి అంచులపై సుద్ద గుర్తులు పెట్టి నడుమ దూరమును కొలువుడు.
4. ఆ గుర్తులు అదే ఎత్తున వెనుకకు వచ్చువరకు బండిని ముందుకు నడిపి మరల కొలువుడు. ముందు 1,300, వెనుక 1,304 మి.మీ. అయినచో టో-ఇన్ 4 మి.మీ. ముందు కొలతయే ఎక్కువైనచో చక్రములు విచ్చుకొన్నవని తెలియవలెను.

సరిచేయుట

కడ్డీ చివరల బిగింపు నట్లను వదులు చేసి, కడ్డీని కొద్దికొద్దిగా త్రిప్పుచు కొలువవలెను. కడ్డీ ఇరుసునకు వెనుకనున్న బండిలో దాని పొడవు పెంచిన టో-ఇన్ పెరుగును; ముందున్న బండిలో తగ్గును. రెండు కడ్డీలున్నచో రెండింటిని సమానముగా త్రిప్పవలెను. పిమ్మట నట్లను గట్టిగా బిగించి, కొంత దూరము నడిపి మరల కొలువుడు.

వంగిన కడ్డీని కొలిమిలో కాల్చి సాగదీయుట, విరిగిన దానిని వెల్డింగు చేయించుట ఎన్నడును తగదు. లోడుతో రోడ్డుపై పోవునపుడు అది తెగినచో బండి చేతిలో ఉండదు, ప్రాణమునకే ముప్పు. క్రొత్త కడ్డీ ఖర్చు దాని ముందు లెక్కలోనిది కాదు.

గ్రామాధికారులకు మనవి

విత్తనపు పనులకు ముందే ఒక దినమున గ్రామములోని ట్రాక్టర్లన్నిటిని ఒక చోట చేర్చి ఈ పరీక్ష జరిపించిన ఎంతో మేలు. ఒక కొలత టేపు, రెండు స్పానర్లు, సుద్దముక్క, జాకీ, దిమ్మెలు చాలును. మన గార్లదిన్నెలోనే కేంద్ర ప్రభుత్వము వారి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ఉత్సాహము గల యువకులను అచ్చటి శిక్షణకు పంపినచో ఊరి బండ్లకు ఊరిలోనే వైద్యుడు దొరకును.

వాన మన చేతిలో లేదు. వాన వచ్చిన దినమున బండి సిద్ధముగా ఉండుట మన చేతిలోనే ఉన్నది.