వీధి దాటితే భూగోళమే!

నైలు నది పొడవు చెప్పగలిగిన పిల్లలకు తమ వీధిలో కురిసిన వాన ఎటు పోతుందో తెలుసా? ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల భూగోళం పాఠాలకు కావాల్సిన సరంజామా అంతా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వీధుల్లోనే ఉంది. కాస్త ముందుచూపుతో సిద్ధం చేసుకుంటే చాలు... కాలనీయే ప్రయోగశాల అవుతుంది.

‘మూసీ ఎక్కడ పుట్టింది?’ అని అడగండి. ఏడో తరగతి పిల్లాడు టక్కున చెబుతాడు, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో అని. ‘ఎక్కడ కలుస్తుంది?’ అంటే వాడపల్లి దగ్గర కృష్ణలో అంటాడు. రెండు ప్రశ్నలు, రెండు మార్కులు. ‘మరి మీ డాబా మీద పడ్డ వాన ఏ దారిన మూసీలో కలుస్తుంది?’ అంటే మాత్రం బిక్కమొహం వేస్తాడు. అది పుస్తకంలో లేదు మరి!

ఈ ప్రాంతం పిల్లలకు అది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో నగరం తూర్పు శివార్లను వాన ముంచెత్తింది. ఘట్‌కేసర్ పరిసరాల్లో ఒక్కరోజులోనే 32 సెంటీమీటర్ల దాకా కురిసింది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి పడేది సగటున 80 సెంటీమీటర్లు అటూఇటూ. అంటే, ఏడాది మొత్తంలో విడతలవారీగా పడాల్సిన నీళ్లలో మూడో వంతుకు పైగా ఒక్కరోజులో పడ్డాయన్నమాట. సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరాంనగర్ లాంటి కాలనీలు నీళ్లలో చిక్కుకున్నాయి. ఆ నీళ్లు అటే ఎందుకు వచ్చాయన్నది అచ్చంగా భూగోళం పాఠమే.

బిట్ల లోకంలో...

దిల్‌సుఖ్‌నగర్ అనగానే గుర్తొచ్చేది కోచింగ్ సెంటర్లు. గ్రూప్స్, టెట్, డీఎస్సీ... దేనికైనా శిక్షణ దొరుకుతుంది. రేపు టీచర్లయ్యేవాళ్లు చాలామంది ఈ గదుల్లోనే భూగోళాన్ని బిట్లు బిట్లుగా బట్టీపడతారు. పోటీపరీక్షకు అది తప్పదు. చిక్కల్లా ఆ అలవాటు బడిలోకీ వచ్చేస్తేనే. ‘నదుల పేర్లు రాసుకోండి, పటంలో గుర్తించండి, తర్వాతి పాఠం’ అంటూ సాగిపోతే సోషల్ పీరియడ్‌లో పిల్లలు ఆవలించక ఏం చేస్తారు?

చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టాలని 2005నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం స్పష్టంగా చెప్పింది. దాన్ని అనుసరించి ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన ఆరో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకం పటాలు చదవడం, గీయడంతో మొదలైంది. కృష్ణా డెల్టాలోని పెనమకూరునూ, పీఠభూమి మీదున్న మహబూబ్‌నగర్ జిల్లా డోకూరునూ పక్కపక్కన పెట్టి, నేలను బట్టి బతుకు ఎలా మారుతుందో చూపించింది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ఆరో తరగతి కొత్త పుస్తకంలోనూ తొలి పాఠం భూమ్మీద ప్రదేశాలను గుర్తించడమే. పుస్తకాలు దారి చూపిస్తూనే ఉన్నాయి. ఆ దారిని మన వీధిదాకా తీసుకురావాల్సింది మాత్రం టీచరే.

ముందు ప్రశ్న... తర్వాతే పేజీ

పాఠ్య పథకం అనగానే చాలామంది ‘ఈరోజు ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా’ అని లెక్కేసుకుంటారు. అలాకాకుండా ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టి చూడండి. ‘ఈ పాఠం అయ్యేసరికి పిల్లలు దేనికి జవాబు చెప్పగలగాలి?’ అన్నది మొదట రాసుకోవాలి. వాళ్లకు వచ్చిందని ఎలా తెలుస్తుందన్నది రెండోది. దానికి ఏమేం కావాలన్నది మూడోది. పేజీ నంబరు ఆ తర్వాత!

చెరువులు, భూగర్భజలం పాఠాన్నే తీసుకుందాం. ప్రశ్న: ‘మన ప్రాంతంలో చెరువు ఎందుకు కట్టారు, ఇప్పుడు వానొస్తే ఎందుకు భయపడుతున్నాం?’ దీనికి నాలుగు పీరియడ్లు కేటాయించుకోవచ్చు. మొదటిది వానను కొలవడానికి. రెండోది నీరు ఎలా పారుతుందో, ఎలా ఇంకుతుందో చూడటానికి. మూడోది పటం మీద పనికి. నాలుగోది పిల్లలు తమ కాలనీ గురించి తామే వివరించడానికి. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులున్నాయి. అట్టముక్కలకు రంగుకాగితాలు అంటించే బదులు ఈ పనినే ప్రాజెక్టు చేస్తే సరి.

చెరువు చెప్పే పాఠం

సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో కట్టింది. ఇప్పుడు మిగిలింది సుమారు 100 ఎకరాలు. నాలుగు శతాబ్దాల కిందట ఇంత శ్రమపడి ఎందుకు కట్టారు? జవాబు కాళ్ల కిందే ఉంది. హైదరాబాద్ నేల సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ రాయి. పగుళ్లలోకి, పైపొరలోకి తప్ప నీరు అంత తేలిగ్గా ఇంకదు. వానాకాలం నీటిని కట్టవేసి ఆపుకోకపోతే ఎండాకాలానికి చుక్క మిగలదు. దక్కన్ పీఠభూమి మీద ఊరూరా చెరువులుండటానికి కారణం అదే. ఒక చెరువు నిండితే అలుగు దూకి, కిందనున్న మరో చెరువుకు చేరేది. సరూర్‌నగర్ దగ్గర దక్షిణాన మీర్‌పేట వైపు ఎత్తు, ఉత్తరాన మూసీ వైపు పల్లం. నీటికి ఆ దారి ఇప్పటికీ గుర్తుంది. మరిచిపోయి మధ్యలో ఇళ్లు కట్టుకున్నది మనమే!

ఇదంతా తరగతి గదిలో చూపించడానికి రెండు ట్రేలు, కాస్త మట్టి, ఓ పాలిథిన్ కవరు చాలు. రెండింటిలో మట్టి నింపి ఒకవైపు ఎత్తు పెట్టాలి. ఒకదాని మీద కవరు కప్పాలి. అది సిమెంటు కాలనీ అనుకోమనాలి. రెండింటి మీదా చెరో మగ్గు నీళ్లు పోసి కిందికి ఎంతసేపట్లో చేరాయో గడియారం చూసి రాయమనాలి. అరగంట ఉపన్యాసంతో బుర్రకెక్కనిది అర నిమిషంలో ఎక్కుతుంది.

వానను కొలవడం ఇంకా తేలిక. అడుగు సమంగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా, ఓ స్కేలు ఉంటే సరి. దాన్ని డాబా మీద పెట్టి, వాన వెలిశాక నీటి ఎత్తు కొలవాలి. ఆ తర్వాత లెక్క. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. 30 సెంటీమీటర్లు పడితే 30 వేల లీటర్లు. ఒక్క ఇంటికే అంత నీరైతే కాలనీ మొత్తానికి ఎంత? ఆ లెక్క పిల్లలనే వేయనివ్వండి.

మెట్రో కూడా స్కేలే!

పటం అనగానే పిల్లలు ముందుగా తికమకపడేది స్కేలు దగ్గర. దానికీ మందు ఇక్కడే ఉంది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో 2018 సెప్టెంబరులో మొదలైంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మొత్తం దారి 29 కిలోమీటర్లు. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో బాగా వాడే స్కేలు 1:50,000. అంటే నేలమీది కిలోమీటరు పటంలో 2 సెంటీమీటర్లు. అలాగైతే మెట్రో దారి పటంలో 58 సెంటీమీటర్లు! దారం ముక్కతో వంపుల వెంబడి కొలిచి చూడమనండి.

మరో సరదా పరీక్ష. మెట్రో రైల్లో అంటించిన బొమ్మలో స్టేషన్లన్నీ సమానదూరంలో, తిన్నగా ఉంటాయి. మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్... నిజంగా అంతే దూరమా? ఆ బొమ్మనూ అసలు పటాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు వెతకమంటే, పటంలో ఏం చూపిస్తారో, ఏం వదిలేస్తారో అర్థమైపోతుంది. దారిలో పేర్ల కథలూ చెప్పొచ్చు. మూసారాంబాగ్‌లోని ‘మూసారాం’... నిజాం సైన్యంలో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని మొస్యూ రేమండే.

నీడ మాయమయ్యే రోజు

అక్షాంశాలు, రేఖాంశాలు ఎంత చెప్పినా గాల్లో గీతల్లాగే ఉంటాయి. వాటిని నేలకు దించడానికి నిటారుగా పాతిన ఓ కర్ర చాలు. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన నిలుస్తాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి. ఆ క్షణాన కర్ర నీడ దాని మొదట్లోనే కలిసిపోతుంది. దిల్లీ పిల్లలకు ఈ భాగ్యం లేదు... ఆ నగరం కర్కటరేఖకు పైన ఉంది కదా!

ప్రణాళిక అవసరం తెలిసేది ఇక్కడే. మేలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది కానీ బడికి సెలవులు. ఆగస్టులో బడి ఉంటుంది, మబ్బులూ ఉంటాయి. కాబట్టి మేలో ఇంటిదగ్గర చూడమని సెలవుల పని ఇవ్వాలి. ఆగస్టులో ఒక్కరోజును నమ్ముకోకుండా రెండుమూడు రోజులు వరసగా చూడాలి. ఇంకో విచిత్రం కనిపిస్తుంది. ఆ ఘట్టం పన్నెండింటికి కాక 12:20 దాటాక వస్తుంది. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశానివి, మనమున్నది 78.5 డిగ్రీల మీద. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 16 నిమిషాలు ఆలస్యం. భూమి నడకలోని హెచ్చుతగ్గుల వల్ల ఆగస్టులో ఇంకో ఆరు నిమిషాలు కలుస్తాయి.

బండి మీద భూగోళం

ఆర్థిక భూగోళానికి పండ్లబండిని మించిన బోధన సామగ్రి లేదు. కొత్తపేటలో ఏళ్లపాటు సాగిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలింది. ఊరి మధ్యనున్న మార్కెట్ శివార్లకు ఎందుకు వెళ్లింది? లారీలకు ఏ దారి దగ్గర? పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిని పటంలో చూస్తే జవాబు దొరుకుతుంది. ఇక, బండి దగ్గర ఆగి ఏ పండు ఎక్కడినుంచి వచ్చిందో అడిగి రాసుకురమ్మనండి. నల్గొండ బత్తాయి, పాలమూరు సీతాఫలం, నాగపూర్ కమలా, కశ్మీర్ ఆపిల్... భారతదేశం అవుట్‌లైన్ పటం మీద బాణాలు గీస్తే నేలలు, వానలు, చలి, రవాణా అన్నీ ఒకే పాఠంలో వచ్చేస్తాయి.

ఖర్చెంత?

గ్లోబు, గోడ పటాలు, అట్లాస్, అవుట్‌లైన్ పటాల కట్ట... కొనాల్సినవి ఇవే. మిగతావి ఉచితం. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే ఇస్రో వారి ‘భువన్’ 2009 నుంచీ ఉంది. అందులో ఉపగ్రహం తీసిన మన కాలనీ చిత్రాన్ని చూడొచ్చు. సర్వే ఆఫ్ ఇండియా 2017లో పటాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. బడిలో ఇంటర్నెట్ లేకపోతే టీచర్ ముందురోజే ప్రింటు తీసుకుని జిరాక్స్ చేయిస్తే ఏళ్లతరబడి వాడుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఎల్బీనగర్ కూడలి, జాతీయ రహదారి... ఇవి పిల్లల గుంపును నడిపించే చోట్లు కావు. చెరువు గట్టుకు వెళ్లాలన్నా టీచర్ ముందుగా ఒకసారి వెళ్లి చూసి, ప్రధానోపాధ్యాయుల, తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, తోడుగా పెద్దవాళ్లను వెంటబెట్టుకోవాల్సిందే. కుదరకపోతే బడి డాబా, బడి వీధి చాలు.

అమ్మానాన్నలూ చేయి కలపొచ్చు. వాన వెలిశాక పిల్లల్ని వీధి చివరిదాకా తీసుకెళ్లి నీరు ఎటు పోతుందో చూపించండి. ‘ఈ కాలనీ రాకముందు ఇక్కడేం ఉండేది?’ అని తాతయ్యనో నానమ్మనో అడిగి రాసుకోమనండి. పొలమో, కుంటో, వాగో... వాళ్ల మాటల్లో బయటపడుతుంది.

ఇవాళ ఏడో తరగతిలో ఉన్న పిల్లలే రేపు ఇదే ఊళ్లో ప్లాటు కొంటారు, ఇల్లు కట్టుకుంటారు. ‘ఇది ఏ చెరువు అలుగు కింద ఉంది? వానొస్తే నీరెటు పోతుంది?’ అని సంతకానికి ముందు అడగగలిగితే, ఆ ఇంట్లో ఇక వరద భయం ఉండదు. రెండు మార్కుల కన్నా అది పెద్ద ఫలితమే కదా!