పాలిథిలీన్ నుండి కర్బన తంతువు: సల్ఫోనీకరణ పాత్ర

నేటి కర్బన తంతువుల్లో 90 శాతానికి పైగా పాలిఅక్రిలోనైట్రైల్ నుండే తయారవుతున్నాయి. ఉత్పత్తి వ్యయంలో దాదాపు సగం ఆ ముడిపోగుదే. దాని బరువులో కర్బనం 68 శాతం కాగా, చౌకగా లభించే పాలిథిలీన్‌లో 86 శాతం. అయితే పాలిథిలీన్ పోగు సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వద్దే కరిగిపోతుంది, కర్బనీకరణ దాకా నిలవదు. అందుకే ముందుగా దానిని వేడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచుతారు. గొలుసులకు చేరిన సల్ఫోనిక్ సమూహాలు తర్వాతి వేడిలో విడిపోతూ ద్విబంధాలను, అడ్డుబంధాలను ఏర్పరుస్తాయి. పోగు ఇక కరగదు. ఆమ్లం పైపొర నుండి లోపలికి మెల్లగా చొచ్చుకుపోతుంది కనుక లావుపాటి పోగులో నడిమి భాగం స్థిరపడక, కొలిమిలో ఆవిరై, బోలు తంతువు మిగులుతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఈ లక్షణాన్నే బోలు తంతువుల రూపకల్పనకు వినియోగించుకోవడం విశేషం. వాడిన ఆమ్లాన్ని శుద్ధిచేసే ఖర్చు కలపకుండా ఈ పద్ధతిని చౌక అనడం మాత్రం తొందరపాటే.