పండగ నెలలో ఒక ఫోటో బాకీ

దసరా నుంచి దీపావళి దాకా యాంగాన్‌లో మా ఇంట్లో ఊపిరి సలపదు. తెలుగువాళ్ళందరం కలిసే భోజనాలు, ఆయన ఆఫీసులో పంచడానికి మిఠాయి పెట్టెలు, అనోరతా రోడ్డులో కాళీ గుడికి వెళ్ళి రావడాలు, తేంజీ బజారులో కొబ్బరికాయల బేరాలు. చాలా ఏళ్ళు ఈ మధ్యలోనే, దసరా వెళ్ళిన నాలుగైదు రోజులకి, పౌర్ణమినాడు ఇక్కడివాళ్ళ తదింజుట్ పండగ వస్తుంది.

పుట్టిన ఏడో రోజునే దూరమైన తల్లికి ధర్మం చెప్పడానికి బుద్ధుడు దేవలోకానికి వెళ్ళి, వానాకాలం మూడు నెలలూ ఉండి, ఈ పున్నమికి దిగి వచ్చాడని వీళ్ళ నమ్మకం. ఆ దారికే ఇంటింటా కొవ్వొత్తులు, కాగితపు లాంతర్లు. ఆ రోజుల్లోనే పిల్లలు తల్లిదండ్రులకీ, గురువులకీ, పెద్దలకీ 'గదో' చేస్తారు. పళ్ళో, లుంగీ గుడ్డో ముందు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మూడుసార్లు వంగి దణ్ణం పెడతారు. పెద్దలు దీవించి, చిన్నపిల్లలైతే చేతిలో డబ్బులు పెడతారు. దసరాకి జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టడం తెలిసినవాళ్ళం కాబట్టి నాకేమీ వింతగా అనిపించలేదు, కింటి ఏడు దాకా.

కింటి ఏడు నేను కజ్జికాయలు చేస్తుంటే కింది వాటా అమ్మాయి అరటి అత్తంతో వచ్చింది. రెండు నెలలు దానికి ఇంగ్లీషు చెప్పాను, అంతే. పిండి చేతులతో నిలబడ్డ నా ముందు గబుక్కున మోకాళ్ళ మీద కూర్చుని, మాటతోగాని చేతతోగాని మనసుతోగాని ఏదైనా తప్పు చేసి ఉంటే మన్నించమంది. "నువ్వేం చేశావే?" అన్నాను. "తెలియకుండా చేసి ఉంటే, ఆంటీ" అంది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిన పిల్ల ముందు క్షమాపణ అడుగుతుందని నేననుకోలేదు. పొద్దున్నే పువ్వు బొమ్మతో వచ్చిన శుభాకాంక్షల మెసేజీని నలభై మందికి పంపి చేతులు దులుపుకున్నదాన్ని నేను.

వెంటనే మామ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడకి ఎనభై దాటాయి. తాతగారు కోరంగి నుంచి రంగం వచ్చారట. ఒకప్పుడు బర్మాలో తెలుగువాళ్ళని కొరంగీలనే పిలిచేవారు, ఆ రేవు పేరు మీదే. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక లక్షల మంది మనవాళ్ళు ఓడలెక్కో, అడవుల్లో నడిచో ఇండియా వెళ్ళిపోతే వాళ్ళ నాన్న ఉండిపోయాడు. మేం వచ్చిన కొత్తల్లో మా చిన్నాడికి జ్వరం నూట మూడు దాటితే, డాక్టరుతో బర్మీస్‌లో మాట్లాడి, రాత్రంతా వాడి పక్కన కూర్చున్నది ఆవిడే. నన్ను అడిగింది ఒక్కటి. "కాకినాడ ఎల్లినప్పుడు కోరంగి ఫోటో ఒకటి తియ్యమ్మా. మా తాత ఊరు ఎలాగుంటాదో సూస్తాను."

కాకినాడ మా పుట్టిల్లు. అక్కణ్ణుంచి యానాం రోడ్డులో కోరంగికి ఇరవై కిలోమీటర్లు ఉండదు. రెండుసార్లు వెళ్ళొచ్చాను. చీరలు కొన్నాను, పెళ్ళిళ్ళకి వెళ్ళాను, కాజాలు కట్టించుకున్నాను. ఫోటో తియ్యలేదు. ఆ సిగ్గుతో ఆవిడ ఇంటివైపు వెళ్ళడమే మానేశాను.

కజ్జికాయలు మా వారికి అప్పగించి, బొప్పాయి పండూ అరటిపళ్ళూ పట్టుకుని వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. జ్వరం నాటి రాత్రికి దణ్ణం అని చెప్పడం తేలికే అయింది. ఫోటో సంగతి చెప్పడానికి మాత్రం గొంతు పెగల్లేదు. ఆవిడ అంతా విని, నన్ను కూడా చిన్నపిల్లల్లో కలిపేసి వెయ్యి క్యాట్ల నోటు చేతిలో పెట్టింది.

"ఇప్పుడూ ఓడలు ఆగుతాయా అక్కడ?" అంది.

1839 తుపానులో ఆ రేవు దెబ్బతిందనీ, ఇప్పుడక్కడ మడ అడవులు చూడ్డానికి జనం వస్తారనీ చెప్పాను. ఇన్నేళ్ళలో ఆ మాత్రం కూడా చెప్పలేదు నేను.

ఆ రాత్రే మా తమ్ముడికి ఫోన్ చేశాను. తెల్లారి బండి వేసుకుని వెళ్ళి నాలుగు ఫోటోలు పంపాడు. మడ చెట్లు, కాలవలో ఒక నావ, ఒక సందు, ఊరి పేరున్న బోర్డు. ప్రింట్లు తీయించి పట్టుకెళ్ళాను.

మామ్మగారు మిగతా మూడూ పక్కన పెట్టి బోర్డు ఫోటో దగ్గరే ఆగిపోయింది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు.

"ఇదేటి రాసుందమ్మా?"

ఆవిడ వేలు పట్టుకుని, ఒక్కో అక్షరం మీద పెడుతూ చదివాను.