పదివేల అడుగుల లెక్క ఎవరిది?

నాన్నకి షుగర్ అని తెలిశాక నా స్మార్ట్ బ్యాండ్ ఆయనకి ఇచ్చేశాను. రోజూ సాయంత్రం నడిచేవారు. బ్యాండ్ మాత్రం నాలుగు వేలు దాటేది కాదు. మూడు వారాలకి తీసి టీవీ పక్కన పెట్టేశారు. "పదివేలు నా వల్ల కాదురా" అన్నారు. నడకే మానేశారు.

పదివేలు అనేది డాక్టర్లు తేల్చిన లెక్క అనుకుంటాం కదా? కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక మీటర్ అమ్మకానికి వచ్చింది. పేరు 'మాంపో-కెయ్', అంటే పదివేల అడుగుల మీటర్. ఆ అంకెే ఇప్పుడు మన ఫోన్లలో టార్గెట్ అయి కూర్చుంది.

2019లో అమెరికాలో వయసు పైబడిన ఆడవాళ్ల మీద ఒక పరిశోధన వచ్చింది. రోజుకి 2,700 అడుగులు వేసినవాళ్లకంటే 4,400 వేసినవాళ్లలో మరణాలు తక్కువ. 7,500 దాటాక పెద్దగా తేడా లేదు.

అది నాన్న వయసువాళ్ల లెక్క కాకపోవచ్చు. కానీ నడిస్తే కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ని వాడుకుంటాయి. పదివేలు అయ్యేదాకా అవేం ఆగవు.

మొన్న ఇంటికెళ్లి టార్గెట్ 5,000కి మార్చాను. "ముందే చెప్పొచ్చుగా" అంటూ నాన్న చెప్పులేసుకున్నారు.