ఫోన్‌లో బాగున్న రెజ్యూమె ప్రింట్‌లో ఎందుకు చెదురుతుంది? ఏ ఆఫీస్ యాప్ వాడాలి?

ఈ ఎపిసోడ్‌లో వర్డ్, గూగుల్ డాక్స్, లిబ్రేఆఫీస్ గురించి మాట్లాడుకుందాం. ఏది గొప్ప అనే గొడవ కాదు. మీ ఫైల్ అవతలివాళ్ల దగ్గర సరిగ్గా తెరుచుకోవాలంటే ఏం చేయాలి, అదే మన విషయం.

ఫోన్‌లో రెజ్యూమె టైప్ చేస్తారు. ఒక్క పేజీలో చక్కగా సరిపోతుంది. వాట్సాప్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కి పంపి ప్రింట్ తీయిస్తే రెండు పేజీలు వస్తాయి. రెండో పేజీలో డిక్లరేషన్, సంతకం పెట్టే గీత, అంతే. మార్కుల టేబుల్ పక్కకి జరిగిపోయి ఉంటుంది. ఇంటర్వ్యూ చూస్తే పది గంటలకి. వెంటనే "ఈ యాప్ వేస్ట్" అని ఇంకోటి ఇన్‌స్టాల్ చేస్తాం. నిజానికి చాలాసార్లు తప్పు యాప్‌ది కాదు.

డాక్‌ఎక్స్ ఫైల్ అంటే లోపల ఒక జిప్ ఫైలే. నమ్మకం లేకపోతే ఒక కాపీ తీసి, పేరు చివర డాక్‌ఎక్స్ తీసేసి జిప్ అని పెట్టి తెరవండి. ఫొటోలు వేరుగా, ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు వేరుగా కనిపిస్తాయి. మీరు టైప్ చేసిన అక్షరాలు ఉంటాయి. "ఇది హెడింగ్, ఇది 11 సైజు, ఫాంట్ కాలిబ్రి" లాంటి సూచనలు ఉంటాయి. కానీ మామూలుగా ఫాంట్ ఉండదు, దాని పేరు మాత్రమే ఉంటుంది. మీరు పేజీ బ్రేక్ పెడితే తప్ప, పేజీ ఎక్కడ అయిపోవాలో కూడా ఫైల్‌లో ఖాయం చేసి ఉండదు. తెరిచిన ప్రతిసారీ ఆ యాప్ కొత్తగా లెక్కేసుకుని పేర్చుతుంది.

అంటే డాక్‌ఎక్స్ పంపడం టైలర్‌కి కొలతల చీటీ పంపడం లాంటిది. బట్ట మాత్రం వాళ్ల షాపులో ఏది ఉంటే అదే. పీడీఎఫ్ అయితే కుట్టేసిన చొక్కా. ప్రతి అక్షరం ఎక్కడుండాలో అందులో ఖాయమైపోతుంది, సాధారణంగా ఫాంట్ కూడా లోపలే ఉంటుంది.

2007 వర్డ్ నుంచి కాలిబ్రి డిఫాల్ట్ ఫాంట్‌గా ఉండేది. ఇప్పుడు కొత్త మైక్రోసాఫ్ట్ 365లో ఆప్టోస్ వస్తోంది. సెంటర్‌లోని పాత కంప్యూటర్‌లో ఆప్టోస్ లేకపోతే అది ఇంకో ఫాంట్ వేస్తుంది. అక్షరం వెడల్పు కొంచెం మారినా లైన్ విరిగే చోటు మారుతుంది. అలా నాలుగు లైన్లు పెరిగాయంటే రెండో పేజీ వచ్చేసినట్టే.

మరి అందరూ ఒకే ఫార్మాట్ పెట్టుకోవచ్చు కదా అంటారా? ప్రయత్నం జరిగింది, కానీ ప్రమాణాలు రెండయ్యాయి. లిబ్రేఆఫీస్ వాడే ఓడీఎఫ్ 2006లో ఐఎస్ఓ ప్రమాణం అయింది. మైక్రోసాఫ్ట్ డాక్‌ఎక్స్ వెనకున్న ఓపెన్ ఎక్స్‌ఎంఎల్ 2008లో అయింది. రెండిటినీ దాదాపు అన్ని యాప్‌లూ తెరుస్తాయి. కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు టెక్స్ట్ బాక్సులు, టేబుళ్లు, మాక్రోల దగ్గర తేడాలొస్తాయి.

పాత ఫార్మాట్ పట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో కూడా చెప్తాను. 2020 శరదృతువులో ఇంగ్లాండ్‌లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి ఎక్కలేదు. కారణం, ల్యాబ్‌ల నుంచి వచ్చిన డేటాని పాత ఎక్సెల్ ఫార్మాట్ అయిన ఎక్స్‌ఎల్‌ఎస్‌లోకి ఎక్కించడం. అందులో ఒక షీట్‌కి 65,536 వరుసలే పడతాయి, మిగతావి బయటే ఉండిపోయాయి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో అయితే 10,48,576 వరుసలు పడతాయి. ఆ పేషెంట్లతో కలిసి తిరిగినవాళ్లకి సమాచారం వెళ్లడం ఆలస్యమైంది. కాబట్టి "పేరు చివర ఎక్స్ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి" అనుకోకండి.

ఇప్పుడు ఏ యాప్? మీ ఫైల్‌ని మీ తర్వాత ఎవరు ఎడిట్ చేస్తారో చూసుకోండి. కాలేజీ గైడ్, ఆఫీసులో మేనేజర్ వర్డ్‌లోనే దిద్ది పంపుతుంటే మీరూ వర్డే వాడండి. ఫోన్‌లో వర్డ్ యాప్‌తో మామూలు ఎడిటింగ్ ఉచితంగానే అయిపోతుంది. నలుగురు కలిసి ఒకే ప్రాజెక్ట్ రిపోర్ట్ రాస్తుంటే గూగుల్ డాక్స్ హాయి. ఒకటే కాపీ ఉంటుంది, "ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్" అనే గోల ఉండదు. కాకపోతే అది ఫైల్ కాదు, లింక్. అవతలివాళ్లకి పర్మిషన్ ఇచ్చారో లేదో చూసుకోండి. ల్యాప్‌టాప్ ఉండి, డబ్బు కట్టకుండా పూర్తి ఆఫీస్ కావాలంటే లిబ్రేఆఫీస్. అందులో మామూలుగా ఓడీటీగా సేవ్ అవుతుంది. వర్డ్ వాళ్లకి పంపేటప్పుడు సేవ్ యాజ్‌లో డాక్‌ఎక్స్ ఎంచుకోండి. క్రాక్ చేసిన ఆఫీస్ మాత్రం వద్దు. దాంతోపాటు వైరస్ కూడా వచ్చే అవకాశం ఉంది, అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంక్ లాగిన్ ఉంటుంది.

మన తెలుగుకి ఇంకో చిక్కుంది. మీ ఫోన్‌లో టైప్ అయ్యేది యూనికోడ్ తెలుగు. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి. వాటిలో తెరమీద తెలుగు కనిపించినా, ఫైల్‌లో ఉండేది వేరే కోడ్‌లు. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. ఫైల్ పాడవలేదు, భయపడొద్దు. కన్వర్టర్‌తో యూనికోడ్‌కి మార్చుకోవచ్చు. మార్చాక ఒత్తులు, గుణింతాలు ఒకసారి చదివి చూసుకోండి. పెళ్లికార్డు మ్యాటర్ అయినా, ఊళ్లో పంచే కరపత్రం అయినా, ప్రింట్‌కి వెళ్లే ముందు పీడీఎఫ్ అడిగి తెప్పించుకోండి. పేరులో ఒక ఒత్తు పోతే ఐదొందల కార్డులూ అలాగే వస్తాయి.

నేనైతే ఒక్క నియమం పెట్టుకున్నాను. పని ఇంకా నడుస్తుంటే డాక్‌ఎక్స్ లేదా లింక్. పని అయిపోయి చదవడానికో, ప్రింట్‌కో, అప్లికేషన్‌లో అప్‌లోడ్ చేయడానికో అయితే పీడీఎఫ్. గూగుల్ డాక్స్ యాప్‌లో మూడు చుక్కలు నొక్కి, షేర్ అండ్ ఎక్స్‌పోర్ట్‌లో సేవ్ యాజ్‌కి వెళ్తే రెండూ అక్కడే ఉంటాయి. పీడీఎఫ్ తీశాక అసలు ఫైల్ డిలీట్ చేయకండి, రేపు ఫోన్ నంబర్ మార్చాలన్నా అదే కావాలి. పంపే ముందు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూడండి, అర నిమిషం పని. హెచ్ఆర్ వాళ్లు "వర్డ్ ఫైలే కావాలి" అంటే రెండూ జత చేసి పంపండి.

మీ ఫైల్ ఎక్కడైనా తేడాగా తెరుచుకుంటుంటే, ఏ యాప్‌లో చేశారు, ఎక్కడ తెరిచారు, ఏ ఫాంట్ వాడారు, ఈ మూడూ కామెంట్‌లో రాయండి. ఆ మూడూ తెలిస్తే తేడా ఎక్కడుందో వెతకడం సులువు.