మెడ కదలకుండా గొంతులోకి దారి: ఏ బ్లేడు మేలు?

మెడ వెన్నెముక ఆపరేషన్ అనగానే సర్జన్ చేతిలోని కత్తే గుర్తుకొస్తుంది. కానీ ఆ కత్తి పట్టకముందే రోగి ఒక గండం దాటాలి. మత్తుతో పాటు కండరాలను సడలించే మందు ఇవ్వగానే అతని ఊపిరి ఆగిపోతుంది. అనస్థీషియా వైద్యుడు మాస్కుతో ఆక్సిజన్ అందిస్తూ, ఆ తర్వాత నోటి గుండా శ్వాసనాళంలోకి ఒక గొట్టం దించి వెంటిలేటర్‌కు కలపాలి. ఇదే ఇంట్యుబేషన్. మామూలు రోగికైతే తలను కాస్త వెనక్కి వంచి, నాలుకను ఎత్తి, స్వరతంత్రుల మధ్య నుంచి గొట్టం పంపిస్తారు. జారిన డిస్కు వల్లనో, విరిగిన పూస వల్లనో వెన్నుపాము అప్పటికే నలుగుతున్న రోగికి తల అలా వంచడమే ప్రమాదం.

అసలు తల ఎందుకు వంచాలి? నోటి నుంచి శ్వాసనాళానికి వెళ్లే దారి దాదాపు లంబకోణంలో మలుపు తిరుగుతుంది. కాంతి మలుపు తిరగదు. కాబట్టి పెదవుల దగ్గర నుంచి చూసే వైద్యుడి కంటికి స్వరతంత్రులు కనిపించాలంటే ఆ వంకర దారినే వీలైనంత తిన్నగా చేయాలి. 1943లో ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ మకింటోష్ రూపొందించిన వంపు బ్లేడు నేటికీ చేసేది ఆ పనే. దాన్ని ఎత్తినప్పుడు కదలిక ఎక్కువగా వచ్చేది పుర్రెకూ మొదటి పూసకూ మధ్య, మొదటి రెండు పూసల మధ్య. వెన్నుపాముకు అది చాలా సున్నితమైన చోటు.

కదలికను ఆపడానికి ఒక సహాయకుడు రోగి తలను రెండు చేతులతో పట్టుకుని ఉంటాడు. దీనికీ ఒక మూల్యం ఉంది. కెనడాలో 200 మందిపై చేసి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మకింటోష్ బ్లేడుతో 30 సెకన్లలోపు గొట్టం వేయలేకపోయిన సందర్భాలు మామూలుగా 6 శాతం దాకా ఉంటే, తలను పట్టుకున్నప్పుడు 50 శాతానికి చేరాయి. మెడను కాపాడబోతే ఊపిరి దారి దొరకడం కష్టమైంది.

ఈ చిక్కుముడిని కెమెరా చాలావరకు విప్పింది. నిజానికి మలుపు అవతలికి చూడాలన్న ఆలోచన పాతదే. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు అద్దాల సాయంతో తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. 2001లో కెనడా సర్జన్ జాన్ పేసీ తెచ్చిన గ్లైడ్‌స్కోప్‌లో అద్దం స్థానంలోకి చిన్న వీడియో కెమెరా వచ్చింది. కన్ను బ్లేడు కొసకే చేరింది కనుక దారిని తిన్నగా లాగాల్సిన అవసరం తగ్గింది.

ఇప్పుడు ఆసుపత్రుల్లో కనిపించే వీడియో లారింగోస్కోపు బ్లేడులు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది పాత మకింటోష్ ఆకారానికే కెమెరా తగిలించినది. చేతికి అలవాటైన పనిముట్టు కాబట్టి నేర్చుకోవడం తేలిక, తెర పనిచేయకపోతే నేరుగా కంటితోనూ చూడవచ్చు. రెండోది బాగా వంగిన బ్లేడు, గొంతు మలుపును అనుసరించి కూర్చుంటుంది. మూడోదానిలో గొట్టం జారడానికి బ్లేడులోనే ఒక గాడి ఉంటుంది. అయితే అది లావు. మెడ కాలర్ వల్ల నోరు సరిగా తెరుచుకోని రోగికి అదే అడ్డంకి కావచ్చు.

బాగా వంగిన బ్లేడు తెరపై చూపే దృశ్యం ముచ్చటగా ఉంటుంది. కానీ కనిపించడం వేరు, గొట్టం చేరడం వేరు. కెమెరా మలుపు తిరిగి చూస్తుంది. గొట్టం మాత్రం నోటి దగ్గర బయలుదేరి అదే మలుపు స్వయంగా తిరగాలి. అందుకే దాని లోపల వంపు తిరిగిన గట్టి తీగ, అంటే స్టైలెట్, పెట్టి పంపుతారు. స్వరతంత్రులు స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నా గొట్టం మొన పక్కకు తగిలి ఆగిపోవడం అనుభవజ్ఞులకూ ఎదురవుతుంది. ఇంకో చిక్కు, వైద్యుడి చూపు తెరపైనే నిలిచి ఉంటే నోటిలో గొట్టం మొన అంగిలిని గీరే ప్రమాదం ఉంది. బ్లేడులను పోల్చేవారు దృశ్యానికి మార్కులు వేసి ఊరుకుంటే అసలు ప్రశ్నను వదిలేసినట్టే.

ఆ ప్రశ్ననే నేరుగా అడిగిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. స్విట్జర్లాండ్ పరిశోధకులు 720 మంది రోగులకు మెడ కాలర్ తొడిగి, ఆరు రకాల వీడియో లారింగోస్కోపులను పరీక్షించారు. మొదటి ప్రయత్నంలోనే గొట్టం వేయగలిగినది మెక్‌గ్రాత్‌తో 98 శాతం, సి-మ్యాక్ డి-బ్లేడుతో 95 శాతం, గ్లైడ్‌స్కోప్‌తో 85 శాతం మందికి. ఈ మూడూ బాగా వంగిన రకమే. గాడి ఉన్నవాటిలో కింగ్ విజన్‌కు 87, ఎయిర్‌ట్రాక్‌కు 85 శాతం రాగా, మరొక పరికరం 37 దగ్గరే ఆగిపోయింది. అంటే రకం పేరు చూసి తీర్పు చెప్పడం కుదరదు. ఒకే కుటుంబంలో ఇంత తేడా ఉంది. పైగా ఆ రోగుల మెడలు ఆరోగ్యంగానే ఉన్నాయి, కష్టాన్ని కాలర్‌తో కృత్రిమంగా కల్పించారు. నిజమైన మెడ జబ్బులో పరిస్థితి వేరుగా ఉండవచ్చు.

ఉదాహరణకు నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ పీడితులు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారిలో ఎముకలు మందమవుతాయి, స్నాయువులు ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపాము ఉండే మార్గం ఇరుకవుతుంది. అలాంటి మెడ వంచుదామన్నా వంగదు. అక్కడ చిక్కు కదలికను ఆపడంలో కాదు, కదలని మెడలో దారి వెతకడంలో ఉంది. వంపు తక్కువ ఉన్న బ్లేడుకు అది కఠిన పరీక్ష.

2022 నాటి కోక్రేన్ సమీక్ష 222 అధ్యయనాలను కలిపి చూసింది. పాత పద్ధతితో పోలిస్తే మూడు రకాల వీడియో బ్లేడులూ విఫల ప్రయత్నాలను తగ్గించే అవకాశం ఉందని తేల్చింది. మెడ వెన్నెముకకు గాయమైనవారి విషయంలో 2024లో బ్రిటన్ నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వీలైనంతవరకు వీడియో లారింగోస్కోపే వాడమంటాయి, స్టైలెట్ లాంటి సాయాన్ని పరిశీలించమంటాయి, కాలర్ ముందు భాగాన్ని తీసేయమంటాయి. ఏదో ఒక కంపెనీ బ్లేడే గొప్పదన్న మాట అందులో లేదు.

ఎక్స్‌రే తెరపై చూస్తూ చేసిన పరిశీలనల్లో వీడియో బ్లేడుతో మెడ కదలిక తరచూ తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. ఆ తగ్గుదల వల్ల ఎంతమంది వెన్నుపాములు నిలిచాయో చెప్పడం ఇంకా కష్టమే, ఎందుకంటే ఇంట్యుబేషన్ వల్ల వెన్నుపాము దెబ్బతినడం చాలా అరుదు. అమెరికాలో అనస్థీషియాపై దాఖలైన పరిహార కేసులను పరిశీలించినప్పుడు, వెన్నుపాము దెబ్బతిన్న ఘటనల్లో అధిక భాగం గాయం గానీ, మెడ అస్థిరత గానీ, గొట్టం వేయడంలో ఇబ్బంది గానీ లేనివారిలోనే జరిగినట్టు తేలింది. ఆపరేషన్ బల్లపై తలను ఉంచిన తీరు, రక్తపోటు పడిపోవడం కూడా లెక్కలోకి వస్తాయి.

మెడ మరీ అస్థిరంగా ఉన్నవారికి పాత మార్గం ఒకటి ఇప్పటికీ ఉంది. గొంతును తిమ్మిరెక్కించి, రోగి మెలకువగా ఉండగానే సన్నని ఫైబర్ ఆప్టిక్ స్కోపు మీదుగా గొట్టాన్ని దించుతారు. దీనికి ఓపిక కావాలి, రోగి సహకారం కావాలి. గొట్టం కుదురుకున్నాక, పూర్తి మత్తు ఇవ్వడానికి ముందు, వైద్యుడు రోగిని చేతివేళ్లూ కాలివేళ్లూ ఒకసారి కదిలించమని అడుగుతాడు.