నౌరూజ్ – ఇరాన్ వారి ఉగాది

పిల్లలూ! ఇరాన్ వారికి కూడా వసంతంలోనే కొత్త సంవత్సరం వస్తుందని మీకు తెలుసా? దాని పేరు నౌరూజ్, అంటే "కొత్త రోజు".

ఉగాదికి మనం చంద్రుణ్ణి బట్టి తిథి చూస్తాం. వారు సూర్యుణ్ణి చూస్తారు. మార్చి 20 ప్రాంతంలో పగలు, రాత్రి సమానమయ్యే వేళ, సూర్యుడు భూమధ్యరేఖను దాటే క్షణమే వారి సంవత్సరాది. అది అర్ధరాత్రి వచ్చినా ఇంటిల్లిపాదీ మేలుకొని ‘హఫ్త్ సీన్’ చుట్టూ కూర్చుంటారు. అంటే ‘సీన్’ అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు. మన పచ్చడిలోని రుచుల్లాగే ఒక్కొక్కదానికీ ఒక అర్థం: గోధుమ నారు కొత్త జీవం, వెల్లుల్లి ఆరోగ్యం, వెనిగర్ ఓర్పు. పదమూడో రోజున వనభోజనాలకు వెళ్ళి, ఆ నారును పారే నీటిలో వదులుతారు.

టెహ్రాన్‌లోని అమ్మమ్మకూ, పరదేశంలోని మనవరాలికీ గడియారాలు వేరైనా ఆ క్షణం ఒక్కటే. ఊరు దూరమైనా పండుగ దూరం కాదన్నమాట! ఈసారి మీ ఇరాన్ స్నేహితులకు "నౌరూజ్ ముబారక్" చెప్పండి. మన ఉగాది పచ్చడి రుచి చూపించండి.